సొరబుర్రల వెదురు బియ్యం

వెదురు పూస్తే కరువు తీరుతదని ఎవడన్న నా ముందర అంటే వాని నోట్ల ఇంత మన్ను కొట్టాలనిపిస్తది. మేము కండ్లార చూసినం. పూసింది, కాసింది, మాకు కడుపునిండ పెట్టింది, సచ్చిపోయింది. పోతూపోతూ మా నాయిన చేతిల పని గూడ తీస్కపోయింది.

జూలూరుపాడు దాటి అడవి దిక్కు పోతే, తొవ్వ ఆగిపోయే కాడ ఉంటది మా గూడెం. మాది వెదురు పని. నాయిన చీరేటోడు, అమ్మ అల్లేది. మిరపకాయ ఏరే కాలం వస్తే తల్లాడ దిక్కు రైతులు గంపల కోసం మా ఇంటికే వచ్చేటోళ్లు. అప్పటికే సంతల ప్లాస్టిక్ తట్టలు దిగినయ్. అయినా నాయిన కట్టిన గంపకు ఇంక గిరాకి ఉండె. దాని మీదనే మా బువ్వ.

మా ఇంట్ల పారేసేదంటూ ఏమీ లేకుండె. చీరంగ మిగిలిన పేళ్లు పొయ్యిలకు, పొయ్యిల బూడిద పండ్లకూ గిన్నెలకూ. జొన్న గటుక అడుగంటితే ఆ కుండల నీళ్లు పోసి నానబెట్టి పొద్దుగాల తాగేటోళ్లం. వానకాలం వెదురు మొలకలు లేస్తే కూర వండుకుందామని నాకు పానం గుంజేది. నాయిన ఒప్పుకుంటేనా! "ఇయ్యాల నాలుక కోసం తెంపితే, పెద్దగైనంక చేతికేం దొరుకుతది బిడ్డా?" అనేటోడు. పొదకు ఒక్క మొలక, అంతే. అప్పుడు నాకు ఆయన వట్టి పిసినారి లెక్క కనబడేటోడు.

ఆ ఏడు చలి మొదలైందో లేదో మా ఇంటెనక పొద ఆకు రాల్చుడు పెట్టింది. ఎండలకు రాలాలె గని మంచుల రాలుడేంది? నాయినమ్మ కట్టె ఊతతోటి పోయి ఒక కొమ్మ వంచి చూసింది. కొసలకు ఎండు గడ్డి పూల తీరుగ గుత్తులు. ఆమె ఆన్నే కూలబడ్డది.

"పూసిందిరా కొడుకా. నా చిన్నతనంల గిట్లనే పూసింది. ఇగ ఇది సస్తది."

నాయినకు కోపమొచ్చింది. "కండ్లకు మనిషే ఆనదు నీకు, పువ్వు ఆనిందా?" అని కసిరిండు. గని తెల్లారే కత్తి పట్టుకొని పొదెక్కిండు. పొగాకు తోటల తల తుంచుతరు గద, తుంచితే ఆకు బలంగ వస్తది. గట్లనే పూత కోసేస్తే వెదురు బతుకుతదనుకున్నడు పిచ్చి నాయిన. ముండ్లకు చేతులు గీరుకపోయి రక్తాలు కారుతున్నా దిగలే. ఇటు కోస్తే అటు పూసె. ఒకనాడు అమ్మ కింద నిలబడి, "ఏమయ్యా, గుట్ట మొత్తం పూసింది, ఎన్నని కోస్తవ్?" అన్నది. నాయిన తలెత్తి చూసిండు. గుట్ట పండుబారి ఉన్నది. మెల్లగ దిగి, కత్తి తీసుకపోయి చూరుల చెక్కిండు.

ఎండలు ముదిరినంక గింజ రాలింది. ఇగ అడవి అడవంత జాతర. చిలుకలు, అడవి కోళ్లు, పావురాలు. ఎలుకల సంగతైతే చెప్పొద్దు. మేమూ పొదల కింద ఊడ్చి, మా చాటలతోటే చెరిగి, దంచుకొని తెచ్చుకున్నం. ఇంట్ల గుమ్మి నిండింది. వెదురు బియ్యం గోధుమల తీరుగ ఉంటయ్, వండితే జిగురు జిగురుగ కొంచెం తీపి. ఎన్నడూ లేంది పూటపూటకు బువ్వ! నేనైతే ఎగిరి గంతులేసిన. చెల్లెకు బుగ్గలొచ్చినయ్. నాయిన మాత్రం ముట్టలే. "సావు బువ్వ నాకొద్దు" అని గటుక నీళ్లే తాగేటోడు. నాయినమ్మ బతిమాలింది, అమ్మ తిట్టిపోసింది. ఊహూ.

ఆయన చేసిన పని ఒక్కటే. మంచి గింజ ఏరి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి ఒక ఎండు సొరబుర్రల పోసిండు. మూతికి గుడ్డ కుక్కి, మన్ను మెత్తి, దూలానికి తాడుతోటి కట్టిండు.

"తొలకరి పడంగనే వాగొడ్డుకు చల్లుత. దీన్నెవరూ ముట్టొద్దు" అన్నడు.

"కోతకు ఎప్పుడొస్తది నాయినా?"

"నీకు పెండ్లయ్యి పిల్లలు పుట్టేవరకు."

"అందాక ఏం తిందాం?"

ఆయన సొరబుర్ర తాడుకు ఇంకో ముడి బిగించిండు.

పూసిన వెదురు నిలబడ్డకాడ్నే ఎండింది. చీరితే బద్ద సాగదు, మలిపితే పటుక్కున ఇరుగుడే. గంపలకొచ్చిన రైతులు ఒట్టి చేతులతోటి మళ్లిపోయిండ్రు. గాలి లేస్తే చాలు, ఎండు బొంగులు ఒకదానికొకటి రాసుకొని పొద్దంత కిర్రుకిర్రు. పాడుగాను, ఆ సప్పుడు ఇంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతది.

వాన రాలే. రోహిణి పోయింది, మృగశిర గూడ పోయింది. నాయిన పొద్దుగాల లేసి చీమలు గుడ్లు మోస్తున్నయా, తూనీగలు కిందికి తిరుగుతున్నయా అని వంగి వంగి చూసేటోడు. చీమలు వాటి దారిన అవి పోయేవి. అడవిల గింజ అయిపోయినంక ఎలుకలు ఊర్లె పడ్డయ్. మా నాయిన చేత్తో అల్లిన గుమ్మినే కొరికి, బియ్యం మొత్తం ఊడ్చుకపోయినయ్. అమ్మ ఆ బొక్క ముందర కూసోని నెత్తి కొట్టుకొని ఏడ్చింది. ఎవలకు చెప్పుకుంటం? గూడెంల అందరిదీ గదే గతి.

నాయిన కూలి దొరుకుతదేమో అని తల్లాడ దిక్కు పోయిండు. చెల్లె ఆకలి ఆకలని ఏడ్చి ఏడ్చి, ఆఖరుకు ఏడుపు ఆపింది. పిలిస్తే కండ్లు తెరుస్తది, మల్ల మూస్తది. ఏడ్సినప్పుడు లేని భయం అప్పుడు పట్టుకుంది నాకు. అమ్మ దూలం దిక్కు చూసింది. నాయినమ్మ గోడ దిక్కు మళ్లింది. వద్దని ఎవరూ అనలే. నేను గూడ అనలే. ఆ బుర్ర జల్దీ దించితే బాగుండని లోపల మొక్కుకున్న.

అమ్మ మన్ను పగలగొట్టింది. బూడిద పోయేదాక కడిగింది, మల్ల కడిగింది. వండి, మెత్తగ పిసికి చెల్లె నోట్ల పెట్టింది. చెల్లె మింగింది. అమ్మ కొంగు నోట్ల కుక్కుకుంది.

పొద్దుగూకే యాళ్లకు నాయిన వచ్చిండు. బీళ్లు తప్ప ఏం లేవట, కూలి ఎవరిస్తరు. కాళ్లు కడుక్కొని కూసున్నడు. అమ్మ గిన్నె ముందర పెట్టింది. నాయిన దాని దిక్కు చూడకుండనే ముద్ద కలిపి నోట్ల పెట్టుకొని, ఆగిండు. తీపి ఒక్కటే అయితే వేరే ఇంటోళ్లు ఇచ్చిన్రనుకునేటోడేమో. ఎంత కడిగినా వేపాకు చేదు పోలే. దూలం దిక్కు చూసిండు. తాడు ఒక్కటే ఉంది.

గిన్నె ఇసిరికొడతడనుకున్న. నాయిన నమిలిండు, మింగిండు.

"చిన్నది తిన్నదా?" అన్నడు.

"తిన్నది" అన్నది అమ్మ, పొయ్యి దిక్కు మళ్లి.

"ఇంకింత పెట్టు."

అమ్మ ఘొల్లుమన్నది. నాయిన మాత్రం తల వంచుకొని తిన్నడు. గిన్నె గూడ తుడుచుకొని తిన్నడు. ఇన్ని నెలలు వద్దన్న బువ్వను ఆయన గట్ల తింటుంటే నాకు చూడశక్యం కాలే, బయటికి ఉరికిన.

ఆ వారమే, సొరబుర్రల ఆఖరి గింజ గూడ అయిపోయినంక, వాన పడ్డది. ఏం వాన అది! వాగు ఒడ్లు రెండూ మెత్తగ నానినయ్, చల్లితే ప్రతి గింజా మొలిచేది. నాయిన చూరు కింద గొంతుకూసోని దాన్నే చూసిండు. వాన వెలిసినంక లేసి, సొరబుర్రను వాగుకాడికి తీసుకపోయి లోపలి వేపాకు వాసన పోయేదాక కడిగిండు. దాంట్ల తాగే నీళ్లు నింపుకొని, అదే తాడు కట్టి భుజానేసుకున్నడు. విత్తనాల పని మొదలైందని తల్లాడ దిక్కు కూలికి పోయిండు. కత్తి చూరులనే ఉండె.