రుద్రమ్మ కేక

పంజాగుట్టలో ఒక మాల్ పైఅంతస్తున ఉన్న ఆటల పార్కును తుడిచే రుద్రమ్మకు, స్టూలెక్కి బూజు దులపాలన్నా భయమే. వేసవి సెలవుల్లో పార్కు కిక్కిరిసిపోతుంది కాబట్టి ఆమెకు చీపురుతోనే సరిపోతుంది. పరీక్షల నెలలో మాత్రం బోసిపోతుంది. అప్పుడు పనివాళ్లే ఊగే పడవెక్కి, చూసేవాళ్లకు ఆశ పుట్టేలా కేరింతలు కొట్టాలి. రుద్రమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది.

"గట్ల మూగదాన్లెక్క కూసుంటే ఎవలొస్తరక్కా? ఈసారన్న అరువకుంటే రేపటి సంది రాకు," అన్నాడు సూపర్‌వైజర్ దినేశ్.

రుద్రమ్మ చెంగు తీసేసింది. పడవ పైకి లేవగానే ఆమె పెట్టిన కేకకు ఫుడ్‌కోర్టులోని జనం నవ్వుతూ వచ్చి వరుస కట్టారు.

"మస్తు అరిచినవక్కా! రేపు సుత గిట్లనే!" అన్నాడు దినేశ్, పడవ ఆగగానే.

అందరూ దిగారు, రుద్రమ్మ దిగలేదు. "జర ఆగుండ్రి బిడ్డా, సీటు తడిసింది," అని వరుసలో ముందున్న పిల్లలకు చెప్పి, తల వంచుకుని తుడవడం మొదలుపెట్టింది. తుడవడం ఎలాగూ ఆమె పనే.