భావనపాడు రాళ్ళ గట్టు మీద మా అక్క

నేను దెయ్యాల్నీ ఆత్మల్నీ నమ్మేవాణ్ణి కాదు. మా రాయగడ రైల్వే కాలనీలో ఎవరైనా వచ్చి రాత్రి గజ్జెల చప్పుడు విన్నామంటే, అటక మీద ఎలుకలున్నాయేమో చూసుకోమని నవ్వేసేవాణ్ణి. వ్యాగన్ల మరమ్మతు నా ఉద్యోగం. చప్పుడు వినబడితే దానికి కారణం వెతికి పట్టుకోడానికే నాకు జీతమిస్తారు.

అలాంటి నేనే మా అక్క విషయంలో జరిగిన ఒక సంగతి చాలామందికి చెప్పాను. కోరాపుట్ వైపు డ్యూటీకి వెళ్ళినప్పుడు రెస్ట్ రూములో చెప్పాను. విన్నవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. ఇప్పుడు మా వాళ్ళందరికీ తెలిసిన కథలో మా బావ పెళ్ళాన్ని వదిలేసి, చచ్చేదాకా ఒక్క ఫోనైనా చెయ్యని మనిషి. నేను అక్కని నెత్తిన పెట్టుకుని చూసుకున్న తమ్ముణ్ణి.

ఆ రోజు జరిగిన వింత నిజం. మిగతాది నేను కల్పించింది. దాన్ని సరిచెయ్యడానికే ఇది రాస్తున్నాను.

మాది కళింగపట్నం. నాకు ఊహ తెలిసేసరికే అక్కడ ఓడలు ఆగడం మానేశాయి. లైట్‌హౌసు మాత్రం మిగిలింది. దాని కింద ఇసకలో కూర్చుని దూరంగా పోయే ఓడల్ని చూడటం అక్కకి పిచ్చి. వచ్చే ఓడకి ముందు పొగ కనబడుతుందనీ, తర్వాత గొట్టం, ఆఖర్న ఒళ్ళు తేలుతుందనీ, పోయే ఓడ అదే వరసలో వెనక్కి మునుగుతుందనీ నాకు చూపించింది ఆవిడే.

బావ సూర్యారావు చేపల పడవ మీద పనిచేసేవాడు. పెళ్ళయ్యాక ఒక టగ్గులో ఖలాసీగా చేరాడు. సరుకు బార్జీల్ని లాక్కుంటూ కాకినాడ, భీమిలి, భావనపాడు, గోపాల్‌పూర్ తిరిగే చిన్న ఓడ అది. బావ బయల్దేరిన ప్రతిసారీ అక్క ఒడ్డుకి వెళ్ళేది. టగ్గు చూపుకి ఆనినంతసేపూ వెనక్కి తిరిగేది కాదు. మనం ముందే తిరిగిపోతే పోయేవాడి మనసు తెగిపోతుందని వాళ్ళ అత్తగారు చెప్పిందట.

బావకి తాగుడుంది. మా అమ్మాయి గౌరి పుట్టినరోజునాడు రాయగడకి తాగొచ్చి, వండిన అన్నం గిన్నె తన్నేశాడు. నేను చొక్కా పట్టుకుని బయటికి గెంటి, మళ్ళీ గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. అక్క నాలుగు రోజులుండి వెళతానని మా ఇంట్లో ఉండిపోయింది. వాళ్ళకి పిల్లల్లేరు. నా భార్య సరోజకి బిస్సమ్ కటక్ బ్లాకు ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ దీపాల వేళకే రావడం. గౌరిని పెంచింది అక్క. మా ఇంట్లో పొయ్యి వెలిగించింది అక్క. నాలుగు రోజులు కాస్తా ఏళ్ళయిపోయాయి.

రాయగడలో ఓడలెక్కడివి. సాయంత్రం క్వార్టరు వెనక అరుగు మీద కూర్చుని గూడ్సు బళ్ళని చూసేది. బండి సిగ్నలు దగ్గర ఆగితే, "ఒరే సత్తీ, నీ ఓడ లంగరేసింది, ఎల్లి సూడు," అనేది.

సరోజ ఏడిపించేది. "వదినా, అందులో బాక్సైటు తప్ప మీ ఆయన లేడు."

"ఉంటే మాత్రం నీ మొగుడు దిగనిస్తాడేటే?"

ముగ్గురం నవ్వేవాళ్ళం. నేను కొంచెం తక్కువ నవ్వేవాణ్ణి.

ఆ ఏడు కార్తీక పున్నమికి ముందు బావ నాకు ఫోన్ చేశాడు. గొంతు బాగా నలిగిపోయి ఉంది. తాగుడు మానేశాననీ, కాలేయం పాడైందని డాక్టరు చెప్పాడనీ అన్నాడు. పున్నమి పొద్దున్న టగ్గు భావనపాడు వస్తుందట, మధ్యాహ్నం లోపల వెళ్ళిపోతుందట.

"దాన్ని ఒక్కసారి పంపు బామ్మర్దీ. మీ ఇంటికి నేను రాను. గట్టు మీద కూసుంటాను. దాని మొహం సూసి ఎల్లిపోతాను."

"సరే బావా, చెబుతాను," అన్నాను.

చెప్పలేదు. అక్కకి ఫోన్ లేదు, నా దగ్గర ఆగిపోతే ఆ మాట ఆగిపోయినట్టే. అతని మీద కోపమని నాకు నేను చెప్పుకున్నాను. అసలు భయం వేరు. అక్క వెళితే తిరిగి రాదు. పొద్దున్నే మా ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారు, గౌరికి డబ్బా ఎవరు కడతారు? నా భయం అదే. పెద్ద కారణాలేమీ లేవు.

పున్నమి ముందు రోజు అక్క నువ్వులు దంచి చిమ్మిలుండలు చేసింది. బావకి అవంటే ప్రాణం. "ఎవరికక్కా?" అని అడిగాను. "పున్నమికి," అంది.

ఆ రోజు నేను సెలవు పెట్టాను. ఎలాగో తెలిసిపోయి బస్సెక్కేస్తుందేమోనని, తెల్లారకముందు నుంచీ అక్కని కనిపెట్టుకుని ఉన్నాను. మా ఇంట్లో అన్నేళ్ళుంది గానీ, ఆవిడ వైపు నేను అంతసేపు చూసింది ఆ ఒక్క రోజే. అందుకే ఈ సంగతికి నాకంటే గట్టి సాక్షి దొరకడు.

కార్తీక పున్నమినాడు ఇక్కడి ఒడియా వాళ్ళు వెనకటి సముద్ర వర్తకుల్ని తలుచుకుని నీళ్ళలో బుల్లి ఓడలు వదులుతారు. అరటి దొన్నెతో ఓడ చేసి, దీపం, తమలపాకు పెట్టి సాగనంపుతారు. మా తెలుగు వాళ్ళమూ వదులుతాం. సరోజ, గౌరి, అక్క, నేను నాగావళి రేవుకి వెళ్ళాం. అక్క చేతిలో చిమ్మిలి డబ్బా ఉంది. గౌరి స్కూలుకి పట్టుకెళ్ళే స్టీలు డబ్బా అది. కొన్నచోటే మూత మీద గౌరి పేరు ఒడియాలో చెక్కించాం. స్కూలు మెట్ల మీద పడి అంచున సొట్ట పోయింది.

అక్క తన ఓడ వదిలి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఆఖరి మెట్టు మీద కూర్చుంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. డబ్బా పక్కన పెట్టుకుంది. నేను రెండు మెట్లు పైన కూర్చున్నాను. ఎండ వచ్చింది. జనం పలచబడ్డారు.

"ఓడొచ్చిందిరా," అంది అక్క, నెమ్మదిగా.

అప్పుడే వంతెన మీద గూడ్సు పోతోంది. దాన్నే అంటోందనుకున్నాను. బండి పోయింది, చప్పుడూ పోయింది. అక్క మాత్రం కిందికి పారే నీళ్ళ వైపే చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి. ఒకసారి నవ్వింది. నేను పిలిచాను, పలకలేదు. గౌరి వెళ్ళి భుజం పట్టుకుని, "అత్తా, ఆకలేస్తోంది," అంది. తల తిప్పలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఉపవాసం కదా, నీరసమనుకున్నాం.

చాలాసేపటికి లేచింది. "ఎల్దాం పదండి. మునిగిపోయింది," అంది. మేం దొన్నె ఓడ గురించనుకున్నాం.

డబ్బా లేదు. ఎవరూ తన దగ్గరికి రావడం నేను చూడలేదు. సరోజ అడిగితే, "ఇచ్చేసేను," అంది అక్క. కాలు తగిలి నీళ్ళలోకి జారి ఉంటుందిలే అని సరోజ ఊరుకుంది.

ఆ సాయంత్రం బావ మళ్ళీ ఫోన్ చేశాడు. తిట్లకి సిద్ధపడి పెరట్లోకి వెళ్ళి ఎత్తాను.

"బామ్మర్దీ, ఇన్నాళ్ళూ నీ మీద కోపం పెట్టుకున్నాను. తప్పైపోయింది. దాన్ని పంపేవు, అది సాలు."

"ఎవర్ని పంపేను?"

"యాసికాలాడకు. సిమ్మిలి కూడా కట్టిచ్చేవు. పాపం ఎక్కడ బస్సు దిగి ఏ నీళ్ళల్లో నడిసిందో, మోకాళ్ళ దాకా తడిసిపోయొచ్చింది. అడిగితే నవ్వుతాది. నీకని రెండుండలు గట్టు కాడ టీకొట్టామె దగ్గర ఎట్టేను, ఎప్పుడైనా అటొస్తే తీసుకో."

తాగి ఉన్నాడనుకున్నాను. మాటలో తడబాటు లేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి చూశాను. అక్క గౌరికి జడ వేస్తోంది.

అతనితో అదే ఆఖరి మాట. కొన్నాళ్ళకి టగ్గులో పనిచేసే అతనొకడు ఫోన్ చేసి, బావ గోపాల్‌పూర్‌లో పోయాడని చెప్పాడు. కర్మ కళింగపట్నంలో బావ అన్నగారి కొడుకులు చేశారు. అక్కని తీసుకెళ్ళాను. ఆవిడ ఏడ్చింది గానీ, అతను నీకు ఫోన్ చేశాడా అని నన్ను ఒక్క మాట అడగలేదు. అక్కడికొచ్చిన చుట్టాలు అడిగారు. ఎప్పుడూ చెయ్యలేదని చెప్పాను, అక్క వింటూ ఉండగానే.

మర్నాడు పనుందని చెప్పి భావనపాడు వెళ్ళాను. నాలుగు పడవలు, రాళ్ళ గట్టు, దాని మొదట్లో తాటాకుల టీకొట్టు. కొట్టులో ఉన్న ముసలామెకి బావ ఆనవాళ్ళు చెప్పాను.

"ఆ గెడ్డపాయనా? పున్నమినాడు పెళ్ళాం ఒచ్చింది కదేటి," అంది.

ఫోన్లో అక్క ఫొటో చూపించాను. పక్కన సరోజా గౌరీ ఉన్న ఫొటో. నేను అడక్కముందే అక్క మీద వేలు పెట్టింది. "ఈవిడే బాబూ. టీ ఇస్తే ఉపాసమని ముట్టలేదు. ఆయన అలా తింటా కూసున్నాడు, ఈవిడ అలా సూస్తా కూసుంది. ఆయన ఎల్లిపోయేక ఓడ కనబడినంతసేపూ గట్టు మీదే నిలబడింది. నేను పొయ్యిలో పుల్ల ఎగేసి తిరిగీసరికి లేదు. ఎటెల్లిందో ఏటో."

తర్వాత లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చింది. "సత్తిబాబని తమ్ముడొస్తాడు, ఇయ్యమన్నాడు. ఇంతాలస్యమేటి?"

మూత మీద ఒడియా అక్షరాల్లో గౌరి పేరు. అంచున సొట్ట. లోపల రెండు చిమ్మిలుండలు.

అన్ని రకాలుగా ఆలోచించాను. నదిలో కొట్టుకుపోయిందనుకుందామంటే నాగావళి భావనపాడు పోదు, ఎక్కడో దూరంగా కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో బ్యారేజీ ఉంది. అయినా ఆ పొద్దున్న నీళ్ళలో పడ్డది ఆ పొద్దున్నే అక్కడెలా తేలుతుంది? ఎవరి చేతైనా పంపిందనుకుంటే రాయగడ నుంచి భావనపాడుకి బస్సులు మారి వెళ్ళడానికే సగం రోజు పడుతుంది. పోనీ టీకొట్టామె నాకోసం అబద్ధమాడిందనుకుంటే, నేనెవరో ఆమెకి తెలీదు.

ఇక్కడి వరకూ నేను చాలామందికి చెప్పాను. బావ చేసిన రెండు ఫోన్లూ తీసేసి చెప్పాను. డబ్బా మాత్రం చూపించేవాణ్ణి. కళ్ళింతలు చేసుకుని వినేవాళ్ళు. నీలాంటి తమ్ముడుండడం ఆవిడ అదృష్టమనేవాళ్ళు.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. కర్మ అయ్యి రాయగడ వచ్చాక డబ్బాని చప్పుడు కాకుండా వంటింటి అలమరలో పెట్టాను. అక్క అది చూసింది. ఎక్కడిదని అడగలేదు. మూత తీసి, లోపల వేలితో రాసి చూసి, కడిగి బోర్లించింది. చెయ్యి తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"నీకని రెండుంచేడు కదరా. తిన్నావా?"

ఆ ఉండల సంగతి ఫోన్లో బావ నాకు చెప్పాడు, కొట్టు దగ్గర ముసలామె ఇచ్చింది. అప్పటికి మూడో మనిషికి నేను చెప్పలేదు.

"తిన్నానక్కా," అన్నాను.

తినలేదు. అతని చేత్తో ఉంచింది నా గొంతు దిగదు. రాళ్ళ గట్టు చివరికి వెళ్ళి సముద్రంలోకి విసిరేశాను. విసిరేసి, అవి మునిగేదాకా కూడా చూడకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

అక్క ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఇది రాస్తుంటే వెనక అరుగు మీద కూర్చుని ఉంది. సిగ్నలు దగ్గర ఏదో గూడ్సు ఆగింది. ఆ పున్నమి పొద్దున్న నా కళ్ళెదుట మెట్టు మీద కూర్చున్న మనిషి భావనపాడు గట్టు మీద ఎలా నిలబడిందో నాకు తెలీదు. ఇన్నాళ్ళూ ఆలోచించినా తెలీలేదు. ఆవిణ్ణే అడగొచ్చు. అడిగితే ముందు ఫోన్ సంగతి చెప్పాలి.

అక్కకి చదువు రాదు. రాయడం అయ్యాక ఈ కాగితాలు గౌరికిస్తాను, వాళ్ళ అత్తకి చదివి వినిపించమంటాను. చదివినంతసేపూ నేనూ అక్కడే కూర్చుంటాను.