పడుకున్న ట్యాంకుకి సమాన గీతలు

ఐస్ ఫ్యాక్టరీలో జనరేటర్ నడిపే ఆవిడను అందరూ డీజిలక్క అనేవారు. ఇరవై ఏళ్లుగా ఏ సబ్బూ ఆవిడ చేతుల వాసన వదిలించలేకపోయింది. ట్యాంకు వెయ్యి లీటర్లది, పీపాను పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది. అందులో ముంచి చూసే వెదురు కర్ర మీద గాట్లు ఆవిడవే. ఖాళీ ట్యాంకులో బకెట్టు బకెట్టుగా పోస్తూ, పోసినప్పుడల్లా ఒకటి పెట్టింది. అవి రెండు చివర్లా ఎడంగా, నడుమ ఇరుగ్గా ఉండేవి.

యజమాని అల్లుడు చదువుకున్నవాడు. కర్ర చూసి పగలబడి నవ్వాడు.

"ఏంటక్కా, తూలుతూ గీశావా? ఇది లీనియర్ ఈక్వేషన్. ఎత్తు రెట్టింపైతే డీజిల్ రెట్టింపు. గ్రాఫ్ గీస్తే తిన్నటి గీత!"

ట్యాంకు ఎత్తుకి సరిగ్గా మీటరు పొడవు అల్యూమినియం కడ్డీ మీద, సెంటీమీటరుకి పది లీటర్ల లెక్కన సమానంగా గీతలు కొట్టించి చేతికిచ్చాడు. వెదురు కర్ర పొయ్యిలోకి పోయింది.

ట్యాంకు కడిగే రోజు కొత్త కడ్డీ పాతిక సెంటీమీటర్ల దాకా తడిసింది. అంటే రెండొందల యాభై లీటర్లు. క్యాన్లలోకి తోడితే వచ్చింది నూట తొంభై ఐదే.

"మిగతా యాభై ఐదు ఎవరు తాగారు?" అల్లుడు ఐసు దిమ్మలు మోసేవాళ్లందరి ముందూ అడిగేశాడు. "లెక్క అబద్ధం చెప్పదు. సాయంత్రంలోగా తేలకపోతే రేపట్నుంచి రావద్దు."

"సాయంత్రం దాకా ఎందుకు బాబూ? ట్యాంకు ఖాళీగానే ఉందిగా."

యాభై లీటర్లు తిరిగి పోయించింది. కడ్డీ దాదాపు పది సెంటీమీటర్లు తడిసింది.

"ఇంకో యాభై పోస్తే?"

"ఇంకో పది పెరుగుతుంది. చెప్పాగా, లీనియర్."

పోశారు. ఆరు కూడా పెరగలేదు.

"క్యాను కారిందేమో!" అన్నాడు అల్లుడు. నేల పొడిగా ఉంది.

"నిలబెట్టిన ట్యాంకైతే మీ గీతలు నిజమే బాబూ. అడుగు నుంచి పైదాకా ఒకటే వెడల్పు, ఎంత ఎత్తుకి అంత డీజిల్. ఇది పడుకుంది. అడుగున సన్నం, నడుమ బొజ్జ. ప్రతి సెంటీమీటరూ ఒకేలా పట్టమంటే ఎక్కడ పడుతుంది?"

"అల్లుడుగారి చొక్కాలా అన్నమాట," అన్నాడు దిమ్మలు మోసేవాళ్లలో ఒకడు.

అల్లుడు పెన్ను తీసి అరచేతిలో గుండ్రంగా ఏదో గీసుకున్నాడు, అడ్డగీతలు కొట్టాడు, ఉమ్మితో చెరిపేశాడు. ట్యాంకు వైపు చూస్తూ గొణిగాడు.

"సరేలే, నువ్వు తియ్యలేదు."

డీజిలక్క లోపలికి గట్టిగా కేకేసింది.

"ఒరేయ్, ఆ కంప్రెసర్ కాస్త ఆపండ్రా! బాబుగారు ఏదో చెబుతున్నారు, ఎవరికీ వినపడట్లేదు."