పన్నెండు గంటల కాకి

మా ఆయనకు విమానాశ్రయంలో ఉద్యోగమని తెలిసినప్పుడు మా పుట్టింటి చుట్టుపక్కల వాళ్లంతా ఆయన విమానం తోలుతాడనే అనుకున్నారు. నేనూ కాదనలేదు. నిజానికి ఆయన ఫైరింజను మనిషి. విమానం దిగేటప్పుడు ఎర్రబండి పక్కన నిలబడి, ఏమీ జరగకపోతే ఇంటికొచ్చి అన్నం తినడం ఆయన పని. ఎనభైల నాటి మాట ఇది. మా దగ్గరికి రోజుకు ఒక్క విమానమే, అదీ మిట్టమధ్యాహ్నం వచ్చేది. మిగతా పొద్దంతా మనిషి ఖాళీగా ఉంటాడని పైవాళ్లకు అనిపించినట్టుంది, ఇంకో పని కూడా ఆయన నెత్తినే పెట్టారు. విమానం రాకముందు టపాకాయ పేల్చి, రన్‌వే మీద పక్షులు లేకుండా తరమాలి. కాకులు తోలే మొగుడని పుట్టింట్లో చెప్పుకోవడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

మా క్వార్టర్సు రన్‌వేకు ఇటువైపు, కంచెను ఆనుకుని ఉండేవి. మా వెనకే ఒక చిన్న పల్లె. రేణిగుంట స్టేషన్లో రైలు కూత వేస్తే మా వంటింట్లోకి వినపడేది. రన్‌వేకు అటువైపు చింతతోపు, తోపు దాటాక ఒక పెద్ద బోడిబండ. కాకుల కాపురమంతా ఆ తోపులోనే. తరవాత జరిగిందంతా, మనుషులు ఇటు, కాకులు అటు ఉండడం వల్లే జరిగింది.

ఇంట్లో నేను, ఆయన, మా అత్త. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ పేరు తెచ్చుకునే అవకాశం నాకు లేకుండా, మేం కాపురం పెట్టీపెట్టగానే ఆమె పెట్టె సర్దుకుని వచ్చేసింది. మామ నా పెళ్లికి ముందే పోయాడు. ఆయన్ని నేను చూడలేదు కానీ ఆయన ఆకలి సంగతి చుట్టాలందరి నోటా విన్నాను. పాకాల దగ్గర పల్లెలో సేద్యం. పన్నెండు గంటలకు చేను దిగి వచ్చేసరికి ఆకులో అన్నం ఆవిరి కక్కుతుండాలి. చెయ్యి కడుక్కుని కూర్చున్నాక కూడా వడ్డన కాకపోతే ఆ ఆకు వాకిట్లోకి ఎగిరేది. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు, ఆకలికి ఆగలేడని మాత్రం అందరూ అంటారు. వడ్డించే మనిషికి ఆ రెండింటికీ తేడా ఏముంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మామ పోయినా మా అత్తను ఆ పన్నెండు గంటలు వదల్లేదు. పోయిన పెద్దలు కాకి రూపంలో వస్తారని, కాకికి ఒక ముద్ద పెట్టందే తినకూడదని మావైపు ఇళ్లలో అలవాటు. చాలామంది గుర్తొచ్చినప్పుడు పెడతారు. మా అత్తకు అది ఉద్యోగం. పదకొండు దాటితే ఆమె కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. పొయ్యి దగ్గర నా వెనకే తచ్చాడుతూ, అన్నం దించినావా, పప్పు ఎనిపినావా అని ప్రాణం తీసేది. పెరటిగోడ మీద ముద్ద పెట్టి, దాన్ని కాకి ముట్టాక గానీ ఆమె ముఖం తేటపడేది కాదు. చచ్చినాయన కూడా గడియారం చూసుకుని వస్తాడా అత్తా అని ఒకసారి ఎగతాళి చేశాను. ఆమె నవ్వలేదు.

ఇలా ఉండగా ఒకరోజు దిగుతున్న విమానానికి కాకి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు అద్దం మాత్రం బీటలు వారింది, తిరుగు ప్రయాణం వాళ్లంతా సాయంత్రం దాకా నీడ వెతుక్కుంటూ కూర్చున్నారు. కాకి ఎంత, విమానమెంత అని నేనంటే, ఆ వేగం మీద కాకి కూడా బండరాయేనని మా ఆయన చెప్పాడు. అదే ఇంజనులో పడితే లోపలున్న వాళ్లంతా, అంటూ మాట సగంలో ఆపేశాడు. పై అధికారి మద్రాసు నుంచి వచ్చిన పెద్దమనిషి, అరిచే రకం కాదు. ఇంకొకసారి ఇలా జరిగితే ఈ పని నీ చేతిలో ఉంచలేనప్పా అని మెల్లగా అన్నాడట. అరిచి ఉంటే మా ఆయన మర్చిపోయేవాడే. మెల్లగా అన్నాడు కాబట్టి అది ఆయన మనసులో ఉండిపోయింది.

అధికారి తన వంతు తనూ చేశాడు. పురుగుల కోసం పిట్టలు దిగుతాయని గడ్డి పొట్టిగా కోయించాడు. చెత్తగుంట పూడ్పించాడు. చచ్చిన గొడ్లను కంచె పక్కన పడేయవద్దని పల్లెలో దండోరా వేయించాడు. గద్దలు తగ్గాయి, కొంగలు తగ్గాయి. కాకులు మాత్రం పెరిగాయి, అదీ సరిగ్గా విమానం వచ్చే వేళకే. మా ఆయన ఒక టపాకాయ పేల్చే చోట నాలుగు పేల్చాడు. ఇంకా ఎక్కువ వచ్చాయి. ఈ కాకులకు నామీద పగ అని ఇంట్లో నిజంగానే అనడం మొదలుపెట్టాడు.

ఆ పగ సంగతి నాకు మిద్దె మీద ఊరుమిరపకాయలు ఎండబెడుతుంటే తెలిసింది. రన్‌వే కొసన మా ఆయన టపాకాయ వెలిగించడం కనపడింది. అది ఢామ్మందో లేదో, కింద మా పెరట్లోకి అత్త ముద్దతో వచ్చింది. పక్కింటావిడ వచ్చింది. వెనక పల్లెలో ఇంటింటి నుంచీ ఆడవాళ్లు చేతిలో అన్నంతో బయటికొచ్చారు. అందరూ కా కా అని పిలుస్తున్నారు. అటు తోపులోంచి కాకులన్నీ ఒక్కసారిగా లేచి, తీరిగ్గా రన్‌వే దాటి వచ్చి, ఏ గోడ కాకి ఆ గోడ మీద వాలింది. మధ్యలో మా ఆయన టపాకాయ మీద టపాకాయ అంటించి గెంతుతున్నాడు.

పల్లెలో గడియారాలున్న ఇళ్లు తక్కువ. టపాకాయ మోగితే విమానం వచ్చే వేళ, విమానం వచ్చే వేళంటే పన్నెండు. కాకికి పెట్టడానికి అదే గుర్తని అందరికీ చెప్పింది మా అత్తే. కొడుకు పేల్చే టపాకాయ అని కొంచెం గొప్పగా కూడా చెప్పుకుని ఉంటుంది. మనుషులు నేర్చుకున్నారు, వాళ్లను చూసి కాకులూ నేర్చుకున్నాయి. మా ఆయన తరుముతున్నానని అనుకుంటూ రోజూ భోజనాల గంట కొడుతున్నాడు. నవ్వు ఆపుకోలేక మిరపకాయల పక్కనే కూలబడ్డాను.

ఆయన ఇంటికి రాగానే, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు అని మొదలుపెట్టి సంగతంతా చెప్పాను. ఆయన నోరు తెరిచి విన్నాడు, ఆ తరవాత నాకంటే గట్టిగా నవ్వాడు. మా అత్త ఒక్కతే నవ్వలేదు. ఆమె ముఖం చూసి మేమిద్దరం ఆపేశాం.

“నీ విమానానికి అడ్డం పడతా ఉండేది నేనా నాయనా?” అంది.

మరునాడు ఆమె కాకికి పెట్టలేదు. తానూ తినలేదు. అలగలేదు, ఏడవలేదు, ఒక్క మాట కూడా అనలేదు. తట్ట ముందు కూర్చుంటే చెయ్యి అన్నం దాకా పోయి ఆగిపోయేది. ఆ పక్క రోజూ అంతే. రోజంతా ఆమెతో వాదులాడే నేను, ఆ మౌనం చూసి నిజంగా భయపడ్డాను. ముసలి ప్రాణం, ఎన్నాళ్లు ఆగుతుంది? పోనీ విమానం దిగాకే పెట్టమని ఆమెకూ పల్లెవాళ్లకూ చెప్పాం. అది చెప్పిన వేళకు వస్తే కదా. ఒకరోజు చాలా ఆలస్యమైంది. పల్లెలో ఆడవాళ్లు ముద్దలు పట్టుకుని అరుగుల మీద కూర్చుని, విమానం తోలేవాడి వంశాన్నంతా తిట్టారు. మా అత్త వంటింటికీ పెరటికీ తిరుగుతూనే ఉంది. ఆకలికేమో అనుకుని మజ్జిగ ఇచ్చాను. వద్దని, పన్నెండు దాటిపోయిందే పాపా, పన్నెండు దాటిపోయిందే అంటూ ఉంది. అది ఆకలి కాదు, భయమని అప్పుడు నాకు తెలిసింది. నాకు మామ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. పోయినవాడితో పోట్లాడేది ఎట్లా?

ఆ కోపాన్ని మా ఆయన మీద చూపించాను. కాకుల్ని ఇటు రప్పించే బదులు అన్నమే అటు మోసుకుపోతే సరిపోయె, నీ టపాకాయ కూడా ఆ బోడిబండ మీదే పేల్చుకో, తల్లీ కొడుకులు ఒకచోటే ఉంటారు అన్నాను. విసుగులో అన్న మాట. ఆయన మాత్రం తింటున్నవాడు చెయ్యి ఆపి, మళ్లీ చెప్పమన్నాడు.

ఆయన పోయి చెబితే అధికారి, అసలు విమానాల దగ్గర పక్షులకు మేత పెట్టడమే తప్పని, అయినా అవి తోపుకు అవతలే ఉండిపోతాయంటే కొన్నాళ్లు చూద్దామని ఒప్పుకున్నాడు. పల్లె ఆడవాళ్లు అంత సులభంగా ఒప్పుకోలేదు. మా పెద్దలకు ఇంకొకరి చేత్తో పెడితే చెల్లుతుందా అన్నారు. మా అత్త నడుముకు చెంగు బిగించి ఇల్లిల్లూ తిరిగింది.

“ఒక్కొక్కరి పేరు సెప్పే పెడతాను. నా మొగుడు ముందర తింటాడు, మీ పెద్దోళ్లు ఎనక తింటారు. అంతే తేడా,” అని చెప్పింది.

ఆ రోజు నుంచి ఊరి కాకిముద్దలన్నీ ఒకే గంపలో పోయేవి. గంప ఆమె నెత్తిన, నీళ్లచెంబు నా చేతిలో. కంచె చుట్టూ తిరిగి బండ చేరేసరికి మా ఆయన సైకిల్ మీద వచ్చి టపాకాయ పేల్చి, మళ్లీ తన ఎర్రబండి దగ్గరికి తొక్కుకుంటూ పోయేవాడు. కాకులు తోపులోంచి లేచి అవతలికే వచ్చేవి. మొదటి రోజు విమానం దిగేటప్పుడు నేను బండ మీద నిలబడి చూశాను. రన్‌వే అలికిన అరుగులా ఉంది. మా అత్తకు అదేమీ పట్టలేదు. ఇది పాలామె నాయనకు, ఇది కుట్టుమిషనామె అత్తకు అని ముద్దలు పెడుతూ, బతికుండగా పస్తు పెట్టిన అత్తకు ఇప్పుడెంత ముద్ద పంపిందో చూడమని నాకు మాత్రమే వినపడేలా చెప్పేది. అత్తాకోడళ్లం కలిసి నవ్వుకోవడం ఆ బండ మీదే మొదలైంది.

అలా సుఖంగా గడుస్తుండగా మామ తద్దినం వచ్చింది. తద్దినం ఆకు బండ మీద నలుగురితో కలిపి పెట్టేది కాదు, కొడుకింటి గోడ మీదే పెట్టాలి. బండ మీది టపాకాయ ఆ ఒక్కరోజుకు విమానం వచ్చిపోయాకే అనుకున్నాం. మా ఆయన సెలవు పెట్టాడు, ఎర్రబండి దగ్గర ఆయన తోటివాడు నిలబడ్డాడు. పాకాల నుంచి మా చిన్నమామ, అంటే మామ తమ్ముడు, రైల్లో వచ్చాడు. గొంతూ కోపమూ అచ్చం అన్నవేనని మా అత్త ఆయన ముందు తల కూడా ఎత్తేది కాదు. అలసంద వడలు, ఓళిగలు, పాయసం అన్నీ ఆకులో వడ్డించి గోడ మీద పెట్టాం. మా ఆయన తడిపంచెతో నిలబడి కా కా అని పిలిచాడు. ఒక్క కాకీ రాలేదు. వాటికిప్పుడు ఇటు దారే మరుపు. టపాకాయ మోగితే తప్ప కదలవు.

పన్నెండు దాటింది. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ తినడానికి లేదు. చిన్నమామ గోడకూ గుమ్మానికీ తిరిగి, చివరికి అన్న కొడుకును పట్టుకున్నాడు.

“మా అన్న ఆకలికి తట్టుకుంటాడా? ఈడనే ఒగ టపాకాయ పేల్చరా, అవే వస్తాయి.”

నిజమే, పేలిస్తే వచ్చేవి, రన్‌వే దాటుకుంటూ వచ్చేవి. సరిగ్గా అప్పుడే కొండల వైపు నుంచి విమానం మోత వినిపించింది. మా ఆయన చేతిలో అగ్గిపెట్టె ఉంది. పేల్చకూడదని ఆయనకు తెలుసు. అయినా నాయన ఆకు అలా ముట్టకుండా ఉంటే కొడుకు మనసు ఆగుతుందా? నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

మా అత్త లేచి వచ్చి, కొడుకు చేతిలో అగ్గిపెట్టె తీసుకుని కొంగున ముడేసుకుంది.

“ఆ విమానంలో ఉండేది ఎవురో కన్న బిడ్డలు. ముందు వాళ్లు దిగనీ.”

మరి మా అన్న సంగతో, అన్నాడు చిన్నమామ. ఆమె మొదటిసారి తల ఎత్తి ఆయన్ని చూసింది.

“మీ అన్నకు బతికుండంగా ఒక్కపూటన్నా కావాలని ఆలస్యం చేసిందాన్ని కాదు. ఈపొద్దు కాసుకోనీ. నేను కాసుకోలా ఇన్నేండ్లూ?”

చిన్నమామ గోడ దగ్గరి నుంచి పక్కకు జరిగాడు. విమానం దిగింది, రన్‌వే కొస దాకా పోయి తిరిగింది, పంకాలు ఆగాయి. అప్పుడు ఆమె కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె కొడుకుకిచ్చింది. టపాకాయ మోగింది. తోపు మీద నల్లగా లేచిన కాకుల్లో ఒకటి అన్నిటికంటే ముందొచ్చి, గోడ మీద వాలి, తల పక్కకు వంచి ఆకును ఒకసారి చూసింది. మా అత్త నా పక్కకు జరిగింది. కాకి ఒక వడ ముక్క తీసుకుంది, మెల్లగా తిన్నది, ఇంకో ముక్క కోసం వంగింది.

“సూడు పాపా, ఆకు ఎగరెయ్యలేదు,” అంది నా చెవిలో.

అని నవ్వింది. కళ్లలో నీళ్లు కారుతున్నా నవ్వుతూనే ఉంది. నేనూ ఏడుస్తూ నవ్వాను. ఆ పూట ఆమె మా అందరితో పాటు కూర్చుని, పాయసం రెండోసారి అడిగి వేయించుకుంది. మరునాడు పదకొండు దాటింది. నా వెనక ఎవరూ తచ్చాడలేదు. బయటికొచ్చి చూస్తే అరుగు మీద కాళ్లు చాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. గంప ఎత్తుకునే వేళయిందత్తా అని నేనే గుర్తుచేయాల్సి వచ్చింది.