భళ్ళుగారి బోణీ

ఆ సబ్బుల ఫ్యాక్టరీలో చీఫ్ కెమిస్టు గారి చేతికి చిక్కిన గాజు వస్తువు బతికి బట్టకట్టడం కష్టం. బీకరు కానివ్వండి, మంచినీళ్ళ గ్లాసు కానివ్వండి, ఆయన దాన్ని పట్టుకున్నారంటే పక్కనున్నవాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకునేవారు. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు ఆయనకూ ఒకటి ఉండే ఉంటుంది. జీతాలిచ్చే గుమాస్తాకు అది తెలుసేమో గానీ, మిగతా అందరికీ ఆయన భళ్ళుగారు.

ఏదైనా పగిలిన మరుక్షణం ఆయన కొంచెం కూడా సిగ్గుపడకుండా, "బోణీ అయింది" అనేవారు. ఆ తరవాత తనే చీపురు, చేట తెచ్చుకుని పెంకులు ఎత్తేవారు. ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు.

స్టోరుకీపరుకు ఆయన నీడ పడితే గుండె దడ. ఒకసారి కొత్తరకం ఫ్లాస్కు తెచ్చి, ఇది కిందపడ్డా పగలదని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడని ధీమాగా అన్నాడు. భళ్ళుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎలా జారిందో ఏమో, నేలకు అప్పగించారు. "పాపం, వాడికి నా సంగతి తెలియదు" అని జాలిపడ్డారు. ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో అందరికీ గాజు గ్లాసుల్లో టీ, ఆయనకు మాత్రం స్టీలు గ్లాసులో. ఆయన దాన్ని ఒక బిరుదులా పుచ్చుకున్నారు.

మేనేజరు గదిలో జరిగిన ఘనకార్యాన్ని ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పైనుంచి పెద్దవాళ్ళెవరో వచ్చారు. క్యాంటీన్‌లో కొత్తగా చేరినామె చేతులు తడబడి, వాళ్ళ కాగితాల మీద టీ ఒలకబోసింది. మేనేజరు మొహం జేవురించింది. ఆయన నోరు తెరిచేలోపు, బల్ల మీదున్న గాజు కూజా భళ్ళుగారి మోచేయి తగిలి నేల మీద చెరువైంది. మేనేజరు తిట్టదలుచుకున్నవన్నీ అటునుంచి ఇటు మళ్ళాయి. భళ్ళుగారు తలొంచుకుని విన్నారు. ఆమె తన ట్రే తీసుకుని గుట్టుచప్పుడు కాకుండా బయటపడింది.

అలాంటి మహానుభావుడి దగ్గరికి ఉద్యోగం కోసం వచ్చింది ఒక అమ్మాయి. కెమిస్ట్రీలో మంచి మార్కులు, అడిగినదానికి టకటకా జవాబులు. చిక్కల్లా చేతులతోనే. నలుగురు చూస్తుంటే అవి వణికేవి. నోటితో గెలిచిన ఇంటర్వ్యూలన్నీ ల్యాబు బల్ల దగ్గరికి వచ్చేసరికి చేతులతో ఓడిపోయేది. "మా మరదలు ఇంటర్వ్యూకి వెళ్తే ఉద్యోగం ఊసు చెప్పలేం గానీ, పెంకులు గ్యారంటీ" అనేవాడు బావ. అతను ప్రేమగానే అనేవాడు. అందుకే ఆ అమ్మాయికి ఇంకా మండేది.

ఆ అమ్మాయి ఉండేది అక్కాబావల ఇంట్లోనే. బావకు ఫొటోకాపీల దుకాణం ఉంది. ఈసారి కూడా ఉద్యోగం రాకపోతే ఇక తిరగడం చాలించి దుకాణంలో కూర్చోమని అక్క మెల్లగానే, కానీ ఖాయంగా చెప్పేసింది. చదివిన చదువంతా జిరాక్స్ మెషీను పక్కన పెట్టి కూర్చోవడం తలుచుకుని, ఆ అమ్మాయి ఆ రాత్రే పుస్తకాలన్నీ మళ్ళీ ముందేసుకుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేటప్పటికే చేతులు తమ పని మొదలుపెట్టేశాయి.

ల్యాబులో భళ్ళుగారు తెల్లకోటులో, బల్లకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ప్రశ్నలు బాగానే సాగాయి. చివర్లో ఆయన మామూలుగా అడిగినట్టే అడిగారు.

"ఇంతకుముందు ఎక్కడైనా ప్రాక్టికల్ పరీక్ష ఇచ్చారా?"

అబద్ధం చెబుదామా అనుకుంది. నోరు వినలేదు.

"ఇచ్చాను సార్. పగలగొట్టాను."

"ఏం పగలగొట్టారు?"

"ఒకచోట పిపెట్. ఒకచోట బ్యూరెట్. ఇంకోచోట లోపలికి వెళ్తూనే తలుపు అద్దం."

భళ్ళుగారు ఆ అమ్మాయిని తలెత్తి, కాస్త గౌరవంగా చూశారు.

"తలుపా? నేను ఇంతవరకూ తలుపు జోలికి పోలేదు" అన్నారు.

తరవాత చేయవలసింది వివరించారు. సబ్బులో మిగిలిపోయిన క్షారం ఎంతో తేల్చాలి. గులాబీరంగులో ఉన్న సబ్బు ద్రావణంలోకి బ్యూరెట్ నుంచి ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలాలి. ఏ చుక్కతో రంగు పోతుందో ఆ చుక్క దగ్గరే ఆగిపోవాలి. దాటితే లెక్క తప్పుతుంది. ఎక్కువ క్షారం ఉన్న సబ్బు ఎవరి చర్మాన్నో కాలుస్తుంది. ఇది చెబుతూ ఆయన వంగి కింది అరలోంచి ఒక ఫ్లాస్కు తీశారు. "ఇదిగో, దీన్ని ఇలా పట్టుకుని..." అంటూ ఎలా పట్టుకోవాలో చూపించబోయారు.

భళ్ళుమంది.

అమ్మాయి ఉలిక్కిపడింది. పెంకు ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పు దగ్గర ఆగింది.

"బోణీ అయింది" అన్నారాయన తీరిగ్గా. "ఇవాళ ఈ గదిలో మొదట పగలగొట్టింది చీఫ్ కెమిస్టు. ఇక మీరు ఎంత కష్టపడినా రెండో స్థానమే."

పక్క గదిలోంచి స్టోరుకీపరు గొంతు వినిపించింది. "సార్, మళ్ళీ మీరేనా?"

"నేనేనండీ. ఇంకెవరుంటారు?"

ఆ అమ్మాయికి నవ్వు వచ్చింది. ఆపుకుంటే ఇంకా వచ్చింది. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద పెంకులు ఊడుస్తుంటే, నవ్వు ఆపుకోవడానికే ఆమె పని మొదలుపెట్టింది. బ్యూరెట్ నింపింది. చుక్కలు వదిలింది. ఫ్లాస్కు తిప్పుతూ తిప్పుతూ ఉండగా, సగంలో, చేతులు వణకడం లేదని గమనించింది. గమనించాక మళ్ళీ వణుకుతాయేమోనని ఒక్క క్షణం భయపడింది. అవి అప్పటికే ఆ సంగతి మరిచిపోయినట్టున్నాయి.

గులాబీరంగు పలచబడి, పలచబడి, ఒక చుక్కతో పోయింది. చెయ్యి అక్కడే ఆగింది.

భళ్ళుగారు బల్ల కిందినుంచే తల బయటపెట్టి చూశారు. చేట చేతిలో ఉండగానే, ఎప్పటినుంచి రాగలరని అడిగారు.

ఉద్యోగం వచ్చిందని తెలిసి అక్క కళ్ళు తుడుచుకుంది. బావ చీఫ్ కెమిస్టు గారి కథంతా విని, "ఇద్దరూ ఒకే గదిలోనా? ఫ్యాక్టరీకి బీమా ఉందా?" అని అడిగాడు.

ఉద్యోగంలో చేరాక ఆ అమ్మాయి కూడా అందరితోపాటు భళ్ళుగారి మీద జోకులు వేసింది. ఆయన బల్లవైపు వస్తే తన ఫ్లాస్కుల్ని కోడిపిల్లల్లా దగ్గరికి లాక్కునేది. ఆయన నవ్వుకునేవారు. ఒక్కటి మాత్రం ఆమెకు అంతుపట్టేది కాదు. ఇన్ని పగలగొట్టే మనిషి, ఖరీదైన సామాను ఒక్కటీ పగలగొట్టలేదు. ఆయన అదృష్టం అనుకుంది.

కొన్నాళ్ళకు ఆయనకు జ్వరం వచ్చింది. అక్కను వెంటబెట్టుకుని చూడటానికి వెళ్ళింది. భళ్ళుగారు దుప్పటి కప్పుకుని పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. ఆయన భార్య టీ తెచ్చారు. ఊదితే పగిలేటంత పలచని గాజు కప్పులు, అంచున సన్నని బంగారు గీత. అందులో ఒకటి ఆయనకూ అందించబోతుంటే అమ్మాయికి ఉండబట్టలేదు.

"అమ్మా, సార్‌కి స్టీలు గ్లాసులో ఇవ్వండి."

"స్టీలు గ్లాసు దేనికమ్మా?"

"పగలగొడతారు కదా."

ఆవిడ పకపకా నవ్వారు. "ఈయనా? ఇవి మా పెళ్ళికి మా అన్నయ్య ఇచ్చిన కప్పులమ్మా. ఈనాటికి ఒక్కటీ పోలేదు. రోజూ కడిగేది ఈయనే. నేను పగలగొడతానని నన్ను ముట్టుకోనివ్వరు." అంతలో నవ్వు ఆపి మొగుడివైపు తిరిగారు. "ఏమండీ, అక్కడ పగలగొడుతున్నారా?"

"జ్వరంతో పడి ఉన్నవాణ్ణి అడిగే ప్రశ్నలా ఇవి?" అని భళ్ళుగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు వెనకాల కప్పు, సాసరు మీద చప్పుడు కాకుండా కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా అమ్మాయి అక్కకు ఒక్కొక్కటీ లెక్క చెప్పింది. ఆయన ఎప్పుడూ కింది అరలోంచే తీస్తారు. ఆ అరలో ఉండేవన్నీ అంచు చిట్లినవి, బీట పడినవి, ఎలాగూ పారేయవలసినవి. క్యాంటీన్ ఆమె టీ ఒలకబోసిన రోజే కూజా పగిలింది. ఇక ఆ కొత్తరకం ఫ్లాస్కు పగిలినప్పుడు గదిలో ఎవరికి ధైర్యం కావలసి వచ్చిందో ఆమెకు తట్టలేదు. బహుశా అది నిజంగానే జారి ఉంటుంది.

"అయితే నీ ఉద్యోగం ఆయన చలవేనా?" అంది అక్క, అంతా విని.

"ఉద్యోగం నా చేతులే తెచ్చుకున్నాయక్కా. వాటికి కాస్త నవ్వు తెప్పించింది ఆయన" అంది. ఆ మాట అంటుంటే ఆమెకు ఆయన మీద పట్టరానంత ప్రేమ కలిగింది. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పకూడదని అప్పుడే అనుకుంది.

ఆ తరవాత ల్యాబులో ఇంకో కెమిస్టు అవసరమైతే, పరీక్ష పెట్టే పని భళ్ళుగారు ఆమెకే అప్పగించి, క్యాంటీన్‌లో పని ఉందని జారుకున్నారు. వచ్చినాయన వయసులో ఆమెకన్నా పెద్ద. ఉన్న కంపెనీ మూతపడి చాలాకాలంగా ఇంట్లో ఉన్నారట. పిపెట్ అందుకోగానే ఆయన వేళ్ళు వణికాయి. ఆ వణుకు ఆమెకు కొత్త కాదు.

వంగి, కింది అరలోంచి అంచు చిట్లిన ఫ్లాస్కు తీసింది. "ఇదిగో, దీన్ని ఇలా పట్టుకుని..." అంది. ఏమీ జరగలేదు. మళ్ళీ అంది. ఇన్నాళ్ళకు పట్టు దొరికిన చెయ్యి, ఇప్పుడు వదలమంటే వదలనని మొండికేసింది. ఆ పెద్దమనిషి ఆమెవైపు వింతగా చూడసాగారు. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే బలవంతంగా విప్పింది.

భళ్ళుమంది.

"బోణీ అయిందండీ" అంది కళ్ళు తెరిచి, చీపురు అందుకుంటూ. "ఇక మీరు మొదలుపెట్టండి."

పెద్దమనిషి మొహంలో ముందు కంగారు, తరవాత మెల్లగా నవ్వు కనిపించాయి.

స్టోరుకీపరు పక్క గదిలోంచి అలవాటుగా కేకేశాడు. "సార్, మళ్ళీ మీరేనా?"

"నేనేనండీ. ఇంకెవరుంటారు?" అన్నారు భళ్ళుగారు వరండా ఆ చివరినుంచి, స్టీలు గ్లాసు నిండా ఉన్న టీ ఒక్క చుక్క ఒలకకుండా నడిచి వస్తూ.