మెకానిక్కును చూస్తే చల్లబడే జీపు

1981 మార్చిలో నన్ను నెల్లూరు నుంచి ఆత్మకూరు వర్క్‌షాపుకు ఆటో ఎలక్ట్రీషియన్‌గా వేశారు. మా శాఖ బండ్లు ఉదయగిరి దాకా ఎక్కడ మొరాయించినా ఇంజను పని ఫిట్టరుది, కరెంటు పని నాది. చేరీ చేరగానే ఉదయగిరి ఆఫీసు జీపు నా నెత్తిన పడింది. ఇప్పటికీ అది గుర్తొస్తే ఒక్కణ్ణే కూర్చుని పడీపడీ నవ్వుతాను. మా ఆవిడ వంటింట్లోంచే "మళ్ళీ ఆ జీపేనా?" అంటుంది.

జబ్బు ఇదీ. సీతారామపురం క్యాంపుకు కొండదారి ఎక్కేసరికి టెంపరేచర్ మీటరు ముల్లు ఎర్రగీతకు పోయేది. రేడియేటర్లో నీళ్ళు పోసినా దిగేది కాదు. డ్రైవరు మస్తానయ్య హడలిపోయి బండి వెనక్కి తిప్పేవాడు. ఆఫీసరు ప్రభుదాసు గారు బాప్టిస్టు కుటుంబీకులు, టైమంటే ప్రాణం పెట్టే మనిషి. క్యాంపు ఎగ్గొట్టడానికే మస్తానయ్య నాటకమాడుతున్నాడని ఆయన అనుమానం. మస్తానయ్యది టెంపరరీ ఉద్యోగం. పర్మినెంటు చేసే కాగితం ఆయన సంతకం కోసం ఎదురుచూస్తోంది. మరోసారి బండి వెనక్కి తిరిగితే ఆ కాగితం చించి పారేస్తానని ఆయన ఆఫీసందరి ముందూ అనేశారు.

ఆ మీటరు సంగతి కొంచెం చెప్పాలి. ఇంజను తల మీద సెండర్ యూనిట్ అని ఒక చిన్న ఇత్తడి బిరడా ఉంటుంది. దాని అడుగు భాగం వేడినీళ్ళలో మునిగి ఉంటుంది. మీటరు నుంచి వచ్చే ఒకే ఒక్క వైరు దాని నెత్తిన తగిలించి ఉంటుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆ బిరడా గుండా ఇంజను బాడీలోకి కరెంటు ఎక్కువగా పోతుంది, ముల్లు మెల్లగా లేస్తుంది. అదే ఆ వైరు గానీ, అది తగిలించిన చోటు గానీ నేరుగా బాడీకి తగిలిందా, ఇంజను చల్లగా ఉన్నా ముల్లు ఎర్రగీతను కొడుతుంది.

జీపు రెండుసార్లు ఆత్మకూరు వచ్చింది. రెండుసార్లూ ముల్లు బుద్ధిగా కూర్చుంది. వైరు పొడుగునా తడిమి చూశాను. సెండర్ విప్పి, టీ బంకు గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో ముంచి చూశాను. అంతా భేషుగ్గా ఉంది. "నిన్ను చూస్తానే జీపుకు జరం దిగిపోతుండాదిరా, ఇంక నువ్వే తాయెత్తు కట్టు" అని మా ఫిట్టరు ఏడిపించాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. ఎవరికీ చెప్పకుండా తొలి బస్సెక్కి ఉదయగిరి పోయాను.

నన్ను చూడగానే మస్తానయ్య ముఖం పాలిపోయింది. "ఒక్క నిమిషం సార్, నీళ్ళు చూసుకుంటా" అని బానెట్ వైపు ఉరికాడు. ప్రభుదాసు గారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. "టైమయింది, పోనీవయ్యా" అన్నారు. ఇక చేసేది లేక స్టీరింగు పట్టుకున్నాడు, నేను వెనక ఎక్కాను.

దారిలో ఆయనకు ఒకటే తుమ్ములు. ఈ జీపెక్కితే చాలు జలుబు చేస్తోందని విసుక్కున్నారు. నా ముక్కుకూ ఘాటు తగిలింది, ఎవరో తాలింపు పెడుతున్నట్టు. మస్తానయ్య వంక చూశాను. వాడు మహా భక్తిగా రోడ్డు వంకే చూస్తున్నాడు.

కొండదారిలో జీపు వెనక్కి వాలిందో లేదో, "ఎక్కింది సార్!" అని మస్తానయ్య కేక పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. ముల్లు ఒక్క గెంతు గెంతింది. నీళ్ళు అలా గెంతులేస్తూ మరగవు. ఇది వేడి కాదు, షార్టు! ఆనందంతో నాకు ఒళ్ళు తెలియలేదు. బండి ఆపించాను. "నువ్వు దిగొద్దు, ఇంజను ఆపొద్దు, ముల్లు ఏం చేస్తే అది అరిచి చెప్పు" అని మస్తానయ్యకు చెప్పి బానెట్ ఎత్తాను.

అబ్బ, ఏం ఘాటు! రేడియేటరు కడ్డీకి ఇనప తీగ, ఆ తీగకు బొగ్గుముక్క, పచ్చిమిరపకాయలు, బత్తాయంత నిమ్మకాయ. ఇంజను సెగకు మిరపకాయలు వేగిపోతున్నాయి. బండి వెనక్కి వాలడంతో అదంతా ఇంజను వైపు ఊగి, తీగ కొస పోయి సెండర్ నెత్తిన ఆనుకుంది. స్క్రూడ్రైవరుతో నిమ్మకాయను పైకెత్తాను. "దిగింది సార్!" వదిలాను. "ఎక్కింది సార్!" ఎత్తాను. "దిగింది!" నాకు నవ్వు ఆగడం లేదు. ఇంతలో ప్రభుదాసు గారు దిగి వచ్చి, బానెట్లోకి తొంగిచూసి గట్టిగా తుమ్మారు.

మస్తానయ్య చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ముందర బంపరుకే కట్టేవాణ్ణి సార్. ఇట్టాంటివి పీకి పారెయ్ అన్నారు మీరు. కొండదారి గదా, కట్టకుండా ఎట్ట తోలేది? లోపలైతే కనపడదని కట్టినాను. వర్క్‌షాపుకు తెచ్చేటప్పుడు మాత్రం తీసేసినాను, ఈ సారు చూస్తే మీకు చెప్తాడని." కాపాడటానికి కట్టిన నిమ్మకాయను వాడు మాత్రం ఎందుకు అనుమానిస్తాడు!

"అయితే ఇతను నాటకం ఆడలేదా?" అని ప్రభుదాసు గారు నన్నడిగారు. లేదండీ, ముల్లు నిజంగానే ఎక్కిందన్నాను. ఆయన కోప్పడదామని నోరు తెరిచారు, తుమ్మొచ్చింది. మళ్ళీ తెరిచారు, మళ్ళీ తుమ్ము. మూడోసారి నవ్వొచ్చేసింది. ముగ్గురం బానెట్ పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. ఆ పూట టైముకే సీతారామపురం చేరాం.

తిరిగి రాగానే ఆయన మస్తానయ్య కాగితం మీద సంతకం పెట్టారు. "కట్టుకుంటే నాకు కనపడేచోట కట్టుకో, నూలుదారంతో" అని మాత్రం అన్నారు. నిమ్మకాయ మళ్ళీ బంపరెక్కింది. ఆయన తుమ్ములూ ఆగిపోయాయి.

డ్రైవరు భయపడి ఏదైనా పీకేసి బండి మా దగ్గరికి తెస్తే, జబ్బు కూడా దాంతోపాటే దారిలో ఉండిపోతుందని ఆ జీపు వల్ల తెలిసింది. తర్వాత సర్వీసంతా ఏ బండి వచ్చినా, బానెట్ ఎత్తకముందే డ్రైవర్ని పక్కకు పిలిచి ఒక్కటే అడిగేవాణ్ణి: "ఇక్కడికి తెచ్చే ముందు ఏం పీకేసినావయ్యా?"