చౌకీదార్లని బకెట్‌లో పెట్టిన ఇంజినీర్లం

మొన్న ఆదివారం ఏం చేశామో చెప్తా, నవ్వకండి. సరే, నవ్వండి. నాకు మాత్రం మామిడి చెట్టు కనిపిస్తే ఇప్పటికీ తలెత్తబుద్ధి కావట్లేదు.

నేనూ, నా ఫ్రెండ్ పింకీ మెకానికల్ థర్డ్ ఇయర్. తోటల్లో పురుగుల్ని లాగేసే మిషన్ ఒకటి చేశాం. పాత వాక్యూమ్ క్లీనర్ మోటారు, పొడుగాటి పైపు, దాని కొసన కత్తెర, కింద మూతున్న పెయింట్ బకెట్. ఆకుల్ని దగ్గరకి లాగి గూడు కట్టేసే పురుగు ఉంటుంది కదా, ఆ గూటిని కత్తిరించి బకెట్‌లోకి లాగెయ్యాలి. మందు కొట్టే పనే లేదు! సోమవారం కాలేజీలో డెమో. ఈలోగా నిజం చెట్టు మీద ట్రయల్ చెయ్యాలి.

మేముండే సోనారి నుంచి స్కూటీ మీద, పైపు నిలువుగా పట్టుకుని, నది అవతల చిన్న మామిడి తోటకి వెళ్ళాం. ఆ తోట పెద్దావిడని అందరూ మౌసీ, అంటే పిన్ని, అంటారు. ఆవిడకి ఆ కాయలే జీవనాధారం. "చెట్లకి ఏం కాదు కదా బేటీ?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. "గ్యారంటీ మౌసీ!" అన్నాను. అన్నది నేనే! ఆవిడ నమ్మి సంతకి వెళ్ళింది.

పైకి చూస్తే ఎన్ని గూళ్ళో! ఫోన్‌లో ఉన్న పురుగు గూటి ఫొటోతో పోల్చాం. సేమ్ టు సేమ్. అరగంటలో తొమ్మిది గూళ్ళు లాగేశాం. "ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్!" అంటూ పింకీ వీడియో తీసింది.

మౌసీ రాగానే గొప్పగా మూత తీశాను. పురుగు ఒక్కటీ లేదు. బకెట్ నిండా ఎర్రచీమలు! ఆ ఆకుల గూళ్ళు కట్టుకున్నది ఇవే. చేతుల మీదుగా పాకి, చున్నీలో దూరి, మెడంతా కుట్టేశాయి. నేను తోటంతా గెంతుతుంటే పింకీ వీడియో ఆపడం మర్చిపోయింది.

మౌసీ నవ్వలేదు. "పూత రసం పీల్చేసే తేనెమంచు పురుగుల్ని ఇవే తింటాయి బేటీ. దొంగల్ని వదిలేసి నా చౌకీదార్లని పట్టుకున్నారు" అంది మెల్లగా. నాలుగు తిట్టినా బాగుండేది. రెండు నెలలు మిషన్ చేశాం గానీ, నీ తోటలో ఏముందని ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కంగారులో బాగ్‌బేరాలో డ్యూటీలో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, చీమల్ని మళ్ళీ చెట్టెక్కించడం ఎలా?"

"ఏటి? సీమల్నా? నువ్వు సదువుతున్నది ఇంజినీరింగేనా అమ్మా?"

చివరికి మౌసీయే బకెట్‌ని చెట్టు మొదట్లో ఒరగబెట్టి, బట్టలారేసుకునే తాడు విప్పుకొచ్చింది. గూళ్ళున్న పక్క చెట్టు నుంచి ఈ చెట్టుకి కట్టించింది. "దారిస్తే అవే వస్తాయి" అంది. సాయంత్రానికి తాడు మీద చీమల బారు కనిపించింది. అప్పుడు గానీ మాకు ఊపిరి ఆడలేదు.

డెమోలో జరిగిందంతా దాచకుండా చెప్పేశాను. సార్ కళ్ళజోడు తీశారు. "అయితే ఆ తోటలో పనికొచ్చిన పరికరం ఏమిటి?"

"తాడు సార్."

"డిజైన్ ఎవరిది?"

"మౌసీది సార్. మేం ముడి వేశాం. అది కూడా ఊడిపోతే, ఆవిడే మళ్ళీ వేసింది."